బెల్లెందుకండీ?

“ఏ స్కూలు వాళ్ళండీ మీరు?”

అడిగినవాడు నిచ్చెన మీద ఉన్నాడు. పళ్ళ మధ్య స్క్రూ పట్టుకుని, హాలు గోడకి స్పీకరు బిగిస్తూ, కిందికి చూడకుండానే అడిగాడు.

కింద నిలబడ్డ అమ్మాయి మెడలో కొలత టేపు వేలాడుతోంది. చేతిలో మడతలు పడ్డ పెద్ద కాగితం. హాలుని ఈ మూల నుంచి ఆ మూలకి అప్పటికే రెండుసార్లు కొలిచేసింది.

“ఏ స్కూలూ కాదు. పిల్లల్ని స్కూలుకి పంపనివాళ్ళం.”

నిచ్చెన మీదివాడు నోట్లో స్క్రూ తీసి చేత్తో పట్టుకున్నాడు. “పంపనివాళ్ళంతా కలిసి ఏం చేస్తారండీ?”

“కన్వెన్షన్. హోమ్‌స్కూలింగ్ కన్వెన్షన్. ఈ ఊళ్ళో ఇదే మొదటిది. వచ్చే నెల మొదటి శనివారం.”

“బడి ఎగ్గొట్టినవాళ్ళకి మహాసభా! నా చిన్నప్పుడు పెట్టి ఉంటే అధ్యక్షుణ్ణి నేనేనండీ.”

మామూలు రోజైతే ఆమె నవ్వేదే. ఆ రోజు నవ్వు రాలేదు. “వేదిక దగ్గర కరెంటు పాయింట్లు ఎన్ని?” అంది టేపు సర్దుకుంటూ.

“అడిగేముందు ఓసారి నవ్వొచ్చుగా, టేపుగారూ.”

అలా ఆమెకి ఆ పేరు స్థిరపడింది. అతను హాలు సౌండు, లైట్లు చూసుకునేవాడు గనక, ఆమె కూడా ఊరుకోకుండా అతనికి మైకాసురుడని పేరు పెట్టేసింది. మనసులోనే.

ఆమెకి నవ్వు రాకపోవడానికి కారణం ఇంట్లో ఉంది. ఎనిమిదేళ్ళ కారణం. పేరు పిచ్చుక.

పిచ్చుక ఆమె అక్క కూతురు. అక్క ఆసుపత్రిలో నర్సు, బావ ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జి. అమ్మతో కలిపి అందరూ ఒక్క ఇంట్లోనే ఉంటారు. టేపుది రెడీమేడ్ దుస్తుల కంపెనీకి ఇంటి నుంచే బట్ట కత్తిరించి ఇచ్చే పని. నిరుడు బడికి వెళ్తూ వెళ్తూనే పిచ్చుక మాట తగ్గిపోయింది. తిండి బాక్సు సగం నిండుగానే ఇంటికొచ్చేది. ఒక ఉదయం స్కూలు గేటు ఊచలు పట్టుకుని వదల్లేదు. ఎందుకమ్మా అంటే “ఊరికే” అంది. ఎవరు ఎన్ని విధాల అడిగినా ఆ ఒక్క మాటే.

“కొన్నాళ్ళు ఇంట్లో ఉండనివ్వండి. దేవుడు బిడ్డని ఇచ్చేటప్పుడు బడి గేటు కూడా కలిపి ఇవ్వలేదుగా,” అంది అమ్మమ్మ.

అలా కత్తిరింపుల బల్ల పక్కనే ఇంటిబడి మొదలైంది. టేపు మీద భిన్నాలు, మిగిలిన గుడ్డ ముక్కల్లో ఆకారాలు, కథల పుస్తకాలు. పిచ్చుక మళ్ళీ కిచకిచలాడింది.

బావకి మాత్రం గుబులు తీరలేదు. చెడ్డవాడేం కాదు. ఏళ్ళ తరబడి సైరన్‌కి లేచి, సైరన్‌కి తిని, సైరన్‌కి ఇల్లు చేరేవాడు. “ఇంట్లో మాట్లాడుతుంది, సంతోషమే. లోకం ఇంట్లో ఉండదుగా మరదలా?” అనేవాడు. ఆఖరికి ఒక మాట తేల్చేశాడు. “మీ కన్వెన్షన్‌కి నేనూ వస్తాను. నలుగురు పిల్లల మధ్య నా కూతురు ఎలా ఉంటుందో నా కళ్ళతో చూస్తాను. నీ కొంగు చాటున ముడుచుకుని కూర్చుందా, సోమవారం నుంచి స్కూలే. సీటు అట్టిపెట్టమని చెప్పొచ్చాను.”

కత్తెర పడ్డాక బట్ట వెనక్కి రాదు. ఆ సంగతి ఆమెకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? అందుకే ఇంటిబడి కుటుంబాలవాళ్ళు “కొలవడం నీకే వచ్చు, హాలు ఏర్పాట్లు నువ్వే చూడు” అనగానే కాదనకుండా తీసుకుంది. బావ గుమ్మంలో అడుగు పెట్టగానే అంతా గీత గీసినట్టు కనబడాలి. పనీపాటా లేనివాళ్ళ గుంపు అనిపించకూడదు. ఎక్కడా పొల్లు పోకూడదు.

*

ఆ నెలంతా వీలు దొరికినప్పుడల్లా హాలుకి పరుగే. ఎక్కడ పుస్తకాల బల్లలు, ఎక్కడ ప్రసంగాలు, ఎక్కడ పిల్లలు కూర్చుని చేతిపనులు చేసుకునే చోటు, అన్నీ నేల మీద రంగు టేపుతో గుర్తులు వేయాలి. ఆమె కొలుస్తుంటే అతను మోకాళ్ళ మీద పాకుతూ అంటించేవాడు.

“దారి తొమ్మిదడుగులు.”

“ఎనిమిదిన్నర చాలండీ. మనుషులేగా నడిచేది, ఏనుగులా?”

“పిల్లల్ని చంకనేసుకుని, సంచులు లాక్కుంటూ వస్తారు. తొమ్మిది.”

“తొమ్మిదంటే తొమ్మిది. మీతో కాపురం చేసేవాడికి తలదిండు కూడా కొలిచే ఇస్తారేమో.”

ఆమె చివ్వున తలెత్తింది. అతను నేలకేసి చూస్తూ అమాయకంగా టేపు అంటిస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

గొడవ వచ్చింది బెల్లు దగ్గర.

“ముప్పావుగంటకోసారి బెల్లు మోగాలి,” అందామె. “ఒక ప్రసంగం అయిపోయిందని, ఇంకోటి మొదలవుతుందని అందరికీ తెలియాలి.”

అతను చేతిలో వైరు పక్కన పెట్టాడు. “స్కూలు వద్దన్నవాళ్ళకి బెల్లెందుకండీ?”

“వద్దన్నది స్కూలుని. పద్ధతిని కాదు.”

“ఇల్లు మారుతూ పాతింటి దోమల్ని కూడా మూటకట్టి తీసుకెళ్ళినట్టుంది.”

“మీరు మైకులు చూసుకోండి.”

“చిత్తం.” ఆ చిత్తంలో కొంచెం నొచ్చుకోవడం ఉందని ఆమెకి ఇంటికెళ్ళాక తోచింది. తోచినా ఏం చేయగలదు? మర్నాడు వెళ్ళి ‘నిన్న మీ చిత్తం నచ్చలేదు’ అని చెప్పడం కుదరదుగా.

*

మర్నాడు వాన అందుకుంది. అంతా ఇంతా కాదు, కొళాయి తిప్పి మరిచిపోయినట్టు. హాలు ముందున్న చిన్న పంచలో ఇద్దరూ ఇరుక్కుపోయారు. ఆమె కాగితాన్ని గుండెకి అదుముకుంది. అతను వైరు చుట్టని తలపాగాలా నెత్తిన పెట్టుకున్నాడు.

“తడుస్తున్నది భుజాలు కదా, నెత్తినెందుకు?”

“బుర్ర తక్కువని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. ఉన్నదాన్నైనా కాపాడుకోవాలి.”

ఈసారి ఆమె నవ్వేసింది. నవ్వాక, ఎందుకో గానీ, బావ పెట్టిన షరతు మొత్తం చెప్పేసింది. సోమవారం సంగతీ, అట్టిపెట్టిన సీటు సంగతీ. అతను మధ్యలో ఒక్క చతురూ ఆడలేదు. వైరు చుట్ట నెత్తి మీంచి దించి చేతిలో పట్టుకుని విన్నాడు.

“అయితే బెల్లు నేనే తెస్తాను,” అన్నాడు చివరికి. “ఫోన్లో ఉండే టింగుటింగు కాదు. మీ బావగారు వినగానే సర్దుకుని కూర్చునేలాంటిది. అసలుది.”

“నిన్న దోమలన్నారు?”

“మీకు కావాలంటే దోమలు కూడా…” అని ఆగి, “అసలు నేను మీతో ఒక మాట…” అన్నాడు.

అప్పుడే ఆమె ఫోను మోగింది. పుస్తకాలవాళ్ళు, బల్లలు ఎన్నని. ఆమె మాట్లాడి తిరిగి చూసేసరికి వాన వెలిసింది. అతను మాటని సగంలోనే మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ప్రార్థనలో ఆమె దేవుణ్ణి కన్వెన్షన్ గురించే అడుగుదామనుకుంది. మధ్యలో ఆ సగం మాట అడ్డొచ్చింది. రెండూ ఒకేసారి అడగొచ్చో లేదో తెలియక, దేనికీ పేరు పెట్టకుండా నమస్కరించి పడుకుంది. పేరు పెట్టకపోతే ఆయనకి తెలియదా ఏం?

*

శుక్రవారం మధ్యాహ్నం. మర్నాడే కన్వెన్షన్.

హాలంతా సందడి. కుటుంబాలవాళ్ళు బల్లలు మోస్తున్నారు. పిల్లలు రంగు టేపు గీతల మీద, తాడు మీద నడిచినట్టు, నడుస్తూ ఆడుతున్నారు. పిచ్చుకని ఆమె మొదటిసారి హాలుకి తెచ్చింది. డ్యూటీ దిగి బావ ఇటే వచ్చి కూతుర్ని ఇంటికి తీసుకెళ్తాడు.

మొదట కొంగు పట్టుకునే ఉంది పిచ్చుక. తర్వాత రెండు జడల పిల్ల ఒకతి వచ్చి, “నీకు కాగితంతో పక్షి కత్తిరించడం వచ్చా?” అంది. వచ్చా ఏమిటి! కత్తెర పట్టిన ఇంటి పిల్లాయె. కాసేపటికి ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని కాగితాలు కోస్తున్నారు. పిచ్చుక గొంతు హాలు అవతలి మూలకి వినబడుతోంది.

ఆమె గుండె మీంచి ఒక బరువు దిగింది. ‘రేపు ఇలాగే ఉంటే చాలు. ఇలాగే.’

“టేపుగారూ! బెల్లు విని చూస్తారా?” మైకులన్నీ కలిపే మిక్సర్ వెనక నుంచి అరిచాడతను. మొహం వెలిగిపోతోంది. ఎన్ని తిప్పలు పడి తెచ్చాడో ఆమె మొహంలో చూడాలని కాబోలు, కళ్ళు ఆమె మీంచి తీయకుండానే మీట నొక్కాడు.

గణగణగణ. చివర గర్రుమని ఒక జీర.

అందరూ ఉలిక్కిపడి, తర్వాత నవ్వుకున్నారు. “అచ్చం బడే!” అన్నారెవరో. ఆమె కూడా నవ్వబోయి పిల్లల చోటు కేసి చూసింది.

రెండు జడల పిల్ల ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన కత్తెర. పిచ్చుక లేదు.

“ఎటెళ్ళింది?”

“తెలీదు. లేచి పరిగెత్తింది.”

ఒక్క క్షణంలో హాలు రూపు మారిపోయింది. బల్లల కింద చూశారు, గదులు చూశారు, మెట్లు చూశారు. పక్క తలుపు బార్లా తెరిచి ఉంది. అవతల బస్సులు పోయే రోడ్డు, మళ్ళీ మొదలైన వాన. ఆమె రోడ్డు మీదికి పరిగెత్తి, ఆ చివరా ఈ చివరా పేరు పెట్టి అరిచి, తడిసి ముద్దై తిరిగొచ్చింది. ఎదురుగా అతను.

“ఏం బెల్లది? ఎక్కణ్ణుంచి తెచ్చారు?”

అతను ఊళ్ళోని ఒక పెద్ద స్కూలు పేరు చెప్పాడు. మొన్న అక్కడి మైకులు బాగుచేయడానికి వెళ్ళినప్పుడు రికార్డు చేసుకున్నానన్నాడు.

“అది పిచ్చుక చదివిన స్కూలు! ఎవరు తెమ్మన్నారు మిమ్మల్ని? ఎవరు తెమ్మన్నారు?”

బెల్లు అడిగిందెవరో అతను గుర్తు చేయలేదు. మొహం మాత్రం పాలిపోయింది.

అప్పుడే గుమ్మంలో బావ గొడుగు ముడుస్తున్నాడు. “పిచ్చుకేది?”

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

“ఆగండి!” మైకులో అతని గొంతు. “అందరూ ఒక్క నిమిషం కదలకండి. మాట్లాడకండి. దయచేసి.”

హాలు గప్‌చిప్ అయింది. వాన తప్ప చప్పుడు లేదు. అతను మిక్సర్ మీదికి వంగి, మైకులు ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చాడు. ఒక్కచోట మాత్రం పచ్చటి చుక్క వెలుగుతూ ఆరుతూ వణుకుతోంది. అక్కడ ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

“వేదిక వెనక, తెర చాటున ఒక మైకు వదిలేశాను,” అన్నాడు మెల్లగా ఆమె దగ్గరికొచ్చి. “అక్కడుంది. మీరిద్దరూ వెళ్ళండి. నేను రాను. నన్ను చూస్తే బెల్లే గుర్తొస్తుంది.”

తెర వెనక, పెట్టెల మధ్య, చెవుల మీద రెండు చేతులూ బిగించి కూర్చుని ఉంది పిచ్చుక. ఒళ్ళో సగం కత్తిరించిన పక్షి. దానికి ఒక్కటే రెక్క.

బావ నేల మీద చతికిలబడ్డాడు. ఆమె పక్కన కూర్చుంది. ఈసారి ఎవరూ ఎందుకమ్మా అని అడగలేదు. చాలాసేపటికి పిచ్చుకే అంది.

“అది మా స్కూలు బెల్లు. చివర గర్రుమంటుంది.”

“బెల్లంటే భయమా నాన్నా?” అన్నాడు బావ.

“బెల్లంటే కాదు. అది మోగితే లాగేసుకుంటారు.” పక్షిని గుప్పిట్లో దాచుకుంది. “నాది ఎప్పుడూ అవదు. అందరిదీ అవుతుంది. నాది సగమే. లెక్కలూ సగమే, బొమ్మా సగమే. అన్నం కూడా.”

సగం నిండుగా తిరిగొచ్చిన తిండి బాక్సులన్నీ ఆమె కళ్ళ ముందు వరస కట్టాయి. ఇన్నాళ్ళూ పిల్ల ‘ఊరికే’ అన్నది దీన్నా?

“రేపు కూడా బెల్లుంటుందా?” అంది పిచ్చుక.

బావ మరదలి కేసి చూశాడు. “చెప్పు. ఉంటుందా?”

“అది పెట్టించింది నేనే బావా,” అంది ఆమె. “మీరు చూసి మెచ్చుకోవాలని. ఆ మైకుల అబ్బాయి మొదట్లోనే వద్దన్నాడు.”

బావ కూతుర్ని ఎత్తుకుని లేచాడు. “రేపు చూస్తానన్నాను. రేపే చూస్తాను,” అన్నాడు. ఆ గొంతు ఎటు మొగ్గుతోందో ఆమెకి అంతు చిక్కలేదు.

*

ఆమె మిక్సర్ దగ్గరికి వెళ్ళేసరికి అతను సంచి సర్దుకుంటున్నాడు.

“రేపు నా బదులు నా స్నేహితుడొస్తాడండీ. పని బాగా తెలిసినవాడే.”

“కోపమా?”

“భయం. ఆ పాప మళ్ళీ…”

“నేనన్న మాటలకి సిగ్గుగా ఉంది,” అంది ఆమె. “బెల్లు అడిగింది నేను. మిమ్మల్ని నలుగురిలో నిలబెట్టి అరిచిందీ నేనే. క్షమించమని అడగడానికి మైకు ఇస్తారా, ఇలాగే అడగమంటారా?”

అతను సంచి కింద పెట్టాడు. “మైకు వద్దండీ. దానికి పొద్దున్నుంచీ బాగా పనిచెప్పాం.”

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వీ నవ్వనట్టు.

“బెల్లు తీసేద్దాం,” అందామె. “మరి ప్రసంగం అయిపోయిందని ఎలా చెప్పాలి?”

అతను మిక్సర్ పక్కనున్న ఒక నాబ్ మీద చెయ్యి వేసి నెమ్మదిగా తిప్పాడు. హాల్లో లైట్లు, పొద్దు వాలినట్టు, ఒక్క చప్పుడు లేకుండా తగ్గాయి. మళ్ళీ తిప్పితే తెల్లవారినట్టు పెరిగాయి.

“ఎంత నెమ్మదిగా తగ్గాలంటారు? కొలిచి చెప్పండి.”

“చేతిలో పని ముగించుకునేంత నెమ్మదిగా.”

“అది మీ టేపుకి అందదే!”

“అందదు,” అని ఒప్పుకుంది. “దానికి వేరే మనిషి కావాలి.”

బయట గొడుగు విప్పుతున్న బావ భుజం మీంచి పిచ్చుక వెనక్కి చూస్తోంది. తగ్గి పెరిగిన లైట్ల కేసి.

*

శనివారం జనం విరగబడ్డారు. తొమ్మిదడుగులు కూడా చాలలేదు. ఆ సంగతి అతను ఆమెకి సైగ చేసి మరీ చూపించాడు, ఏనుగు తొండంలా చెయ్యి ఊపుతూ.

బావ డ్యూటీ బట్టల్లోనే వచ్చి ఒక స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం షిఫ్ట్ ఉంది. ఆమె పని చేస్తూనే ఆ స్తంభం కేసి చూసింది, మళ్ళీ చూసింది.

“అంకుల్, నేను తిప్పనా?” అంటూ పిచ్చుక పొద్దున్నే మిక్సర్ దగ్గరికి తనంతట తానే వెళ్ళి అడిగింది. అతను తన పెద్ద కుర్చీ ఖాళీ చేసి, కింద రెండు దిండ్లు వేసి కూర్చోబెట్టాడు.

మొదటి ప్రసంగం ముగిసింది. పిచ్చుక నాబ్ మీద చెయ్యి వేసింది. హాలంతా తన చేతికిందే. అయినా తిప్పలేదు.

“తిప్పమ్మా, టైమైంది,” అన్నారు ముందు వరసలో ఎవరో.

“ఉండండి. ఆ తాతగారు ఇంకా రాసుకుంటున్నారు,” అంది పిచ్చుక, నిండు సభకి వినబడేలా.

హాలు మొత్తం ఆ పెద్దాయన కేసి తిరిగింది. ఆయన గబగబా రాసి, కలం మూసి, చెయ్యెత్తి అయిందన్నట్టు ఊపాడు. అందరూ నవ్వారు. అప్పుడు లైట్లు మెల్లగా తగ్గి, మెల్లగా పెరిగాయి. ఆమె స్తంభం వైపు చూసింది. బావ కట్టుకున్న చేతులు విప్పి, అరచేత్తో కళ్ళు ఒత్తుకుంటున్నాడు.

షిఫ్ట్ వేళకి బావ కూతురి దగ్గరికి వచ్చాడు. పిచ్చుక ఒళ్ళో నిన్నటి పక్షి ఉంది. రెండో రెక్క కత్తిరిస్తోంది.

“నాన్న డ్యూటీకెళ్ళాలి. ఇంటికి దింపేయనా?”

“ఇంకా అవలేదు నాన్నా.”

బావ వాచీ చూసుకున్నాడు. తర్వాత ఫోను తీసి, ఫ్యాక్టరీకి కాబోలు, “ఈ పూట నా కోసం చూడకండి” అని చెప్పి, పక్కన ఒక చిన్న పిల్లల కుర్చీ లాక్కుని మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. “అవనీ,” అన్నాడు. అని, మరదలి కేసి చూడకుండానే, “సోమవారం ఫోన్ చేసి ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చుకోమంటాను” అన్నాడు.

ఆమె మెడలో టేపు కొసని వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది. నెలరోజులు కొలిచి కొలిచి వేసుకున్న పథకంలో లేనిదొక్కటే నెగ్గింది. ఆ ఒక్కటీ కలిపింది పైనున్న దేవుడే అయితే, ఆయనకే నమస్కారం.

చివరి ప్రసంగం అయ్యాక లైట్లు తగ్గాయి. ఆ మసక వెలుగులో మైకాసురుడు ఆమె పక్కకొచ్చాడు.

“మొన్న వానలో ఒక మాట మొదలెట్టాను. మిగతా సగం…”

“టేపమ్మాయ్! బల్లలు తీసేయమంటావా?” అటునుంచి కేక. ఆమె వెనక్కి తిరగబోయింది.

“ఆగండి!” పిచ్చుక నాబ్ గట్టిగా పట్టుకుంది. “అంకుల్ మాట ఇంకా అవలేదు. అయ్యాకే లైటు.”

హాలు హాలంతా ఆగిపోయింది. చంకల్లో పిల్లలతో, చేతుల్లో సంచులతో, మసక చీకట్లో అందరూ అతని కేసే చూస్తున్నారు. అతని చెవులు ఆ వెలుగులో కూడా ఎర్రగా కనిపించాయి.

“చెప్పండి బాబూ,” అన్నాడు రాసుకునే పెద్దాయన. “ఇళ్ళకెళ్ళాలి.”

“నాకు… తలదిండు కొలిచి ఇచ్చినా పరవాలేదండీ,” అన్నాడతను. “మీరే ఇవ్వాలి. మీకిష్టమైతేనే.”

ఆమె నేల కేసి చూసింది. నేల మీద అతను అంటించిన గీతలన్నీ ఆమె కొలతలే.

“ఆలోచించి చెప్పనా?” అంది. పెదవుల మీదికి వచ్చేస్తున్న నవ్వు ఎక్కడ దాచాలో తెలియలేదు.

“ఎన్నాళ్ళు?”

“తొందరేముంది? బెల్లేం లేదుగా. అయినా… ఇష్టమే.”

చిన్న కుర్చీలోంచి బావ దగ్గాడు. “పిచ్చుకా, ఆయన్ని అంకుల్ అనకూడదమ్మా.”

“మరేమనాలి?”

“బాబాయ్.”

పిచ్చుక ఆ మాటని నోట్లోనే ఒకసారి అనుకుని చూసుకుంది. బాగానే ఉన్నట్టుంది. రెండు రెక్కల పక్షిని మిక్సర్ మీద నిలబెట్టి, నాబ్‌ని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తిప్పి, హాలు నిండా వెలుగు పెంచింది.